ఏరిన కాయలు

ఉదయ్ భాస్కర్ పీహెచ్‌డీ మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో కొత్తగూడెంలో అతను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీకి ముగ్గురు ప్రిన్సిపాళ్లు మారారు, ఫిజిక్స్ ల్యాబుకు రెండుసార్లు రంగు పడింది, అతని నెత్తిమీద జుట్టు సగానికి సగం పోయింది. మారనిది కొబ్బరికాయ ఒక్కటే. అతను స్టాఫ్ రూములో అడుగుపెడితే చాలు, టీ తాగుతున్నవాళ్లలో ఎవరో ఒకరు "ఏంది సార్, కాయ ఇంకా పగల్లేదా?" అని అడిగేవారు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత వాళ్లతో కలిసి నవ్వడం అలవాటైపోయింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. కొబ్బరికాయను పగలగొట్టకుండా లోపల ఏముందో చెప్పాలి. పీచు ఒలిచిన కాయలో ఒకదానిలో ఒకటి ఇమిడిన గుండ్రటి పొరలుంటాయి. పైన పెంకు, దాని లోపల కొబ్బరి, దాని లోపల నీళ్లు. సెల్‌ఫోన్ టవర్లు పంపేలాంటి తరంగాన్ని దాని మీదికి వదిలితే, అది ఒక్కో పొర దగ్గర కొంత వెనక్కి తిరిగి, కొంత లోపలికి దూరి, చివరికి అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. చుట్టూ వలయంగా పెట్టిన పదహారు చిన్న యాంటెన్నాలు ఆ చెదిరినదాన్ని పట్టుకుంటాయి. లోపలి పొరల మందం ముందే తెలిస్తే తరంగం ఎలా చెదురుతుందో లెక్క కట్టడం కష్టం కాదు, దానికి నూరేళ్ల కిందటే సూత్రాలున్నాయి. చెదిరిన తీరు చూసి లోపలి పొరల సంగతి చెప్పాలి, అదీ అసలు తలనొప్పి. విందు నుంచి వచ్చిన చుట్టం చెయ్యి వాసన చూసి, అక్కడ ఎన్ని కూరలు వడ్డించారో, ఏది ఎంత వడ్డించారో చెప్పమన్నట్టు ఉంటుంది.

ఉదయ్ అది చెప్పాడు. ఒకటీ రెండూ కాదు, మూడు వందల నలభై కాయలకు చెప్పాడు. మిషను లెక్క రాసుకున్నాక ప్రతి కాయనూ కొట్టి, పొరల మందం కొలిచి చూశాడు. ఎక్కడా మిల్లీమీటరుకు మించి తేడా రాలేదు. గడువు మూడుసార్లు పొడిగించి విసిగిపోయిన యూనివర్సిటీ, ఇక ఇచ్చేది లేదని కాగితం పంపిన నెలలోనే థీసిస్ ఇచ్చేశాడు. ఇక వైవా ఒక్కటే మిగిలింది, పదకొండు రోజుల్లో. అది గట్టెక్కితే డాక్టరు, లేకపోతే నలభై ఒక్క ఏళ్ల వయసులో మళ్లీ ఉత్త ఉదయ్ భాస్కర్.

థీసిస్‌లో అతనికి అన్నిటికన్నా ఇష్టమైన వాక్యం అరవై ఒకటో పేజీలో ఉంది. "కాయలను ఏ విధంగానూ ఏరలేదు; తోట నుంచి వచ్చినవి వచ్చినట్టే పరీక్షించాము." ఆ తోట వాళ్లదే. తాత కాలంలో పశ్చిమ గోదావరి నుంచి వలస వచ్చి, దమ్మపేట దాపున అడవి అంచున కొన్న నేలలో వేసిన కొబ్బరితోట. ఆ వాక్యం రాసేటప్పుడు ఉదయ్ ఛాతీ కాస్త పొంగిన మాట నిజం.

ఆ వాక్యం దగ్గరే ఆగింది ప్రమీల. కాలేజీలో కొత్తగా చేరిన ఫిజిక్స్ లెక్చరర్, ఏన్కూరు దగ్గర తండా పిల్ల. వైవాకు ముందు ఒకసారి చూసిపెట్టమని ఉదయ్ ఇస్తే, మొగమాటానికి తిరగేసి ఇవ్వకుండా నిజంగానే చదివింది.

"సార్, ఒక మాట అడగనా? మూడొందల నలభై కాయల్ల ఒక్కటి గూడ కుళ్లింది రాలేదా?"

"మా తోట కాయ అలాంటిది మేడం" అన్నాడు ఉదయ్.

"ఎంత మంచి తోటైనా పదింట్ల ఒక్కటన్న పోతది గద సార్. మొన్న మా అమ్మ మొక్కు తీర్చనీకి భద్రాచలం పోయి అయిదు కాయలు కొన్నది. కొట్టిన మూడిట్ల ఒకటి కుళ్లిందే. మళ్ల కాళ్లు కడుక్కొని ఇంకోటి కొట్టింది. మిగిలింది తెస్త, చూద్దాం."

మర్నాడు తెచ్చింది. వలయం మధ్యలో థర్మోకోల్ పీట మీద కాయను పెట్టారు. మిషను రెండు నిమిషాలు గురగురలాడి లెక్క చెప్పింది. పెంకు నాలుగు మిల్లీమీటర్లు, కొబ్బరి పన్నెండు, మిగతాది నీళ్లు. నిఖార్సయిన కాయ. ఉదయ్ దాన్ని కత్తి వెనక్కి తిప్పి ఒక్క దెబ్బ కొట్టాడు. లోపల నల్లగా, జిగటగా ఉంది. ఆ వాసనకు పక్క గదిలో కెమిస్ట్రీ పిల్లలు కూడా కిటికీలు తెరుచుకున్నారు.

ప్రమీల చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మీ మిషిన్‌కు ముక్కు లేదు సార్" అంది.

ఉదయ్‌కు నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే బజారుకు వెళ్లి, కొట్లవాళ్లు పక్కన పడేసిన కాయలు ఆరు అడిగి తెచ్చుకున్నాడు. ఆరింటికీ మిషను పొల్లు పోకుండా అంకెలు ఇచ్చింది, ఆరూ మంచివే అంది. కొడితే ఆరూ కుళ్లినవే. తప్పు ఎక్కడుందో అతనికి అప్పుడు అర్థమైంది. లోపల ఉండేవి పెంకు, కొబ్బరి, నీళ్లు, అంతే అని మిషనుకు తనే చెప్పిపెట్టాడు. అది ఏ కాయనైనా ఆ మూడింటిలోకే ఇరికించి జవాబు చెబుతోంది. తెలియదు అనడం దానికి అతను నేర్పలేదు.

"అది సరే సార్" అంది ప్రమీల. "మీకు తొమ్మిదేండ్ల నుంచి గిట్ల ఎందుకు కాలేదు? మీ కాయలు ఎవరు తెస్తరు?"

"ఆదివారం మా పాలేరు ముసలయ్య దింపి, ఒలిచి వరండాలో పోస్తాడు. సోమవారం పొద్దున నేను బండిమీద వేసుకొస్తాను."

"నడుమల ఎవరూ ముట్టరా?"

"ఎవరు ముడతారు మేడం, ఇంట్లో మేమే కదా" అనేశాడు. కానీ ఆ ప్రశ్న అతన్ని శని, ఆదివారాలు రెండూ నమిలింది.

సోమవారం పొద్దున ఎప్పటిలా తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికని వెళ్లి, తలుపు వెనక నిలబడ్డాడు. వరండాలో వాళ్లమ్మ ఆదెమ్మ కాయల రాశి ముందు కూర్చుని ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఇప్పటికీ తోట పని తన కళ్లముందే జరగాలనే రకం. ఒక్కో కాయా చెవి దగ్గర పెట్టుకుని ఊపుతోంది. నీళ్లు పలికితే ముక్కు దగ్గర పెట్టుకుని కాయ కన్ను వాసన చూస్తోంది. పలక్కపోతే వాసన కూడా చూడకుండా పక్కకు దొర్లిస్తోంది. అయిదు కాయలు అలా పక్కకు పోయాయి. ఆమె కొంగు దులుపుకుని లేచి, గదిలోంచి అయిదు మంచి కాయలు తెచ్చి రాశిలో కలిపింది. ఇదంతా జరగడానికి ఉదయ్ స్నానానికి పట్టేంత సేపే పట్టింది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?"

ఆదెమ్మ ఉలిక్కిపడలేదు. "ఏం చేస్తున్నానూ, కాయలు చూస్తున్నాను. స్నానం అప్పుడే అయిందా?"

"ఎన్నాళ్లనుంచి చూస్తున్నావు?"

"మొదటినుంచీ." ఇందులో అడగడానికేముందన్నట్టు చెప్పింది. "కాలేజీకి ఆ మిషను వచ్చిన రోజు దాని ముందు కాయ కొట్టానని ఇంటికొచ్చి చెప్పావు, గుర్తుందా? కుళ్లిందట. నవ్వేసి చెయ్యి కడుక్కున్నానన్నావు. రెండోనాడు ఆ మిషను తీగ కాలిపోలేదూ? నువ్వు పట్టించుకోకపోతే పోయావు, నేను ఊరుకుంటానా? నీ పనిలోకి కుళ్లు కాయ ఒక్కటి కూడా రానివ్వకూడదనుకున్నాను. రానివ్వలేదు."

ఆ చివరి మాటలో గర్వం ఉంది. మూడు వందల నలభై కాయలూ ఆమె చేతిమీదుగా వడకట్టి వచ్చినవి. మిషను గెలిచిన ప్రతిసారీ దానికి మంచి కాయే దొరికింది కాబట్టి గెలిచింది.

"నేను ఏరలేదని రాశానమ్మా" అన్నాడు. "పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. తొమ్మిదేళ్లనుంచి నా చేత అబద్ధం రాయించావు."

అని బండి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు కాయలు తీసుకెళ్లలేదు. ములకలపల్లి అడవిలో ఇప్పపూలు రాలుతున్న కాలం, ఆ వాసన అతనికి ప్రాణం. ఆ పొద్దున అడవి ఎప్పుడు దాటాడో కూడా తెలియలేదు.

గైడు వెంకటరామారావు గారికి ఫోను చేశాడు. ఆయన అంతా విని చాలాసేపు దగ్గారు. "భాస్కర్, తొమ్మిదేళ్లు ఆగినవాడివి ఒక్క వారం నోరు మూసుకోలేవా? ఎగ్జామినర్ రుక్మిణి గారు ఫార్ములాల మనిషి. కాయలు ఎవరు ఏరారని ఆవిడ అడగదు. డిగ్రీ చేతికొచ్చాక తీరిగ్గా ఇంకో పేపరు రాసి దిద్దుకుందువు గాని." ఆ మాటల్లో చెడ్డతనం లేదు. ఆయన రిటైరయ్యేలోగా ఈ శిష్యుణ్ణి ఒడ్డెక్కించాలన్న ఆత్రం అది. ఉదయ్ కూడా అదే అనుకుందామని చూశాడు. మూడు రోజులు అనుకుంటూనే ఉన్నాడు. కానీ అరవై ఒకటో పేజీ తెరిచినప్పుడల్లా, అమ్మ చెవి దగ్గర కాయ ఊపుతూ కనిపించేది.

ఇంట్లో ఆ మూడు రోజులూ ఆదెమ్మ అన్నం పెట్టింది, అతను తిన్నాడు. మాటలు లేవు. నాలుగో రోజు సాయంత్రం ఆమే వచ్చి, అతను చదువుకునే బల్ల పక్కన కూర్చుంది.

"నాకు చదువు రాదు, నువ్వే చెప్పు. కుళ్లు కాయ తీసేస్తే తప్పేంటి? ఎవడైనా మంచి కాయే కదా కొట్టాలనుకుంటాడు."

ఉదయ్‌కు కోపం ఎప్పుడో పోయింది, అలసట మిగిలింది. "అమ్మా, ఒక డాక్టరు ఉన్నాడనుకో. ఆయన దవాఖానా గుమ్మంలో నువ్వు నిలబడి, జబ్బున్నవాళ్లందరినీ వెనక్కి పంపి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే లోపలికి పంపావనుకో. ఆయన అందరినీ చూసి ఎవరికీ రోగం లేదంటాడు. ఒక్కటీ తప్పు చెప్పడు. ఆయన గొప్ప డాక్టరేనా?"

ఆదెమ్మ చేతివేళ్లు ఒళ్లో ముడుచుకుని చూసుకుంది. "నీకు మేలు చేస్తున్నాననుకున్నానురా" అంది చివరికి. "నీ చేత దొంగ సాక్ష్యం చెప్పించాను." తర్వాత లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "వాళ్లడక్కపోయినా సరే, చెప్పెయ్యి. నా పేరు పెట్టే చెప్పు."

ఆ రాత్రి ఉదయ్ హాయిగా నిద్రపోయాడు.

వైవాలో స్లైడు రెండు దగ్గరే ఆపి చెప్పేశాడు. అరవై ఒకటో పేజీలో ఒక వాక్యం తప్పు, కాయలు ఏరినవే, ఏరింది మా అమ్మ ఆదెమ్మ, ఈ సంగతి నాకు వారం కిందట తెలిసింది. కుళ్లిన కాయలు పెట్టి చూస్తే నా పద్ధతి ఏడింటికి ఏడూ తప్పు చెప్పింది. వెంకటరామారావు గారు కిటికీలోంచి బయటి కొమ్మ మీది కాకిని తెగ శ్రద్ధగా చూస్తున్నారు.

రుక్మిణి గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఆవిడ ఎలా ఏరేవారు?"

"ఊపి, వాసన చూసి మేడం."

"ఎంతవరకు కరెక్టు?"

"తెలియదు మేడం."

"తెలియదా? తొమ్మిదేళ్ల డేటా ఆవిడ చేతిమీదుగా వచ్చింది. ప్రతి యాంటెన్నా ఎంత తప్పు చెబుతుందో కొలిచి పట్టిక వేశారు. ఆవిడను ఒక్కసారీ కొలవలేదా?" ఆవిడ గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నారు. "లోపల వేరుగా ఉన్న రెండు కాయలు ఒకే తీరుగా తరంగాన్ని చెదరగొట్టొచ్చు, ఇది మీ మిషను తప్పు కాదు. బయటనుంచి చూసేవాళ్లందరికీ ఉన్న తిప్పలే. అప్పుడు ఆ కాయ గురించి ఇంకో దారిలో తెలిసినదేదో తెచ్చి కలపాలి. మీ ఇంట్లో ఒకరికి తెలుసు, మీరు అడగలేదు."

డిగ్రీ ఇవ్వలేదు. కాదనీ అనలేదు. ఏరని కాయలతో మళ్లీ చేసి చూపించమని ఆరు నెలలు ఇచ్చారు. "ఇది మీరడిగిన గడువు కాదు, మేమిస్తున్నది. దీని తర్వాత ఇంకోటి ఉండదు" అన్నారు. కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్లో రైలు దిగేసరికి ఉదయ్ మనసు ఏడుపుకూ నవ్వుకూ మధ్యలో ఎక్కడో ఉంది. తొమ్మిదేళ్ల పని ఆరు నెలల్లో. ఈసారి తప్పితే ఇంతే సంగతులు.

తర్వాతి సోమవారం ఆదెమ్మ కొడుకుతో కలిసి కాలేజీకి వచ్చింది. కాయల మూట ముసలయ్య ఎలా కట్టాడో అలాగే వచ్చింది. ల్యాబులో ఆమె అడుగుపెట్టడం అదే మొదటిసారి. వలయాన్నీ, తీగలనూ చూసి, "ఇంతేనా?" అంది. ఇంత చిన్న వస్తువు కోసమా కొడుకు నెత్తి బోడి చేసుకున్నాడని ఆమె బాధ.

"అమ్మా, గిటు కూసో" అని ప్రమీల కుర్చీ జరిపి, నోటుపుస్తకం తెరిచింది. పద్ధతి ముగ్గురూ మాట్లాడుకున్నారు. ముందు ఆదెమ్మ చెప్పాలి, ప్రమీల రాయాలి. తర్వాత మిషను చెప్పాలి. ఆ తర్వాతే కొట్టాలి. ఏ కాయనూ ఎవరూ పక్కన పెట్టకూడదు.

ఆ చివరిదే కష్టమైంది. అయిదో కాయ కుళ్లిందని చెబుతూనే ఆదెమ్మ చెయ్యి దాన్ని నేలమీద దూరంగా దొర్లించబోయింది. "వరుసలోనే ఉంచమ్మా" అన్నాడు ఉదయ్. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మంచి కాయల మధ్య పెట్టింది. మొహం మాత్రం ఎంగిలి విస్తరి ముట్టుకున్నట్టు పెట్టింది. కొడితే నిజంగానే కుళ్లింది.

"అమ్మ చెప్పిందే కరెక్టు" అంది ప్రమీల.

పదహారు కాయలు అయ్యాయి. ఆదెమ్మ చెప్పింది పదహారూ నిజమే. మిషను ఈసారి కొంచెం బుద్ధి తెచ్చుకుంది. లోపల నాలుగో పొర కూడా ఉండొచ్చని ఉదయ్ దానికి నేర్పాడు. దాంతో అది అనుమానం వచ్చిన కాయకు ఒకటికి రెండు జవాబులిచ్చి, తేల్చుకోలేనంటోంది. ఆదెమ్మ నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. ఎదురుగా ఉన్న మిషనును అప్పుడప్పుడూ, పక్కింటి కోడల్ని చూసినట్టు చూస్తోంది.

పదిహేడో కాయను చెవి దగ్గర ఊపింది. చప్పుడు లేదు. "ఇది పాడైపోయింది" అని ఒళ్లోంచి దించేసింది. "రాయమ్మా. భాస్కరూ, దీన్ని మాత్రం నువ్వు కొట్టకురా, వేరే ఎవరిచేతన్నా కొట్టించు."

మిషను దానికీ రెండు జవాబులిచ్చింది. ఉదయ్ కత్తి వెనక్కి తిప్పి కొట్టాడు. కాయ రెండు చిప్పలుగా విడిపోయింది. కుళ్లు వాసన రాలేదు. ఒక చిప్పలో, లేత పసుపు రంగులో, బొద్దుగా, గుండ్రంగా పువ్వు కూర్చుని ఉంది. నీళ్లన్నీ అదే తాగేసింది, అందుకే పలకలేదు.

కాయలో పువ్వు వస్తే ఎంత శుభమో ఆ గదిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రమీల "అబ్బ!" అని చప్పట్లు కొట్టబోయి, ఆదెమ్మ మొహం చూసి ఆగిపోయింది.

ఆదెమ్మ చిప్పను చేతిలోకి తీసుకుంది. పువ్వును వేలితో తాకింది. "పలకని కాయను నేనెప్పుడూ వాసన కూడా చూడలేదురా" అంది. "అన్నీ గోతిలో వేయించాను. ఒక్కసారి నీ పనిలో పువ్వు కనిపిస్తే చాలని ప్రతి సోమవారం దండం పెట్టుకునేదాన్ని. ఎన్ని పూలు నా చేత్తో నేనే పారేయించానో."

ఉదయ్ వంగి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ ఉండగానే ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని, ప్రమీల వైపు తిరిగింది.

"రాశావా?"

"ఏం రాయాలమ్మా?"

"పదిహేడో కాయ. ఆదెమ్మ తప్పు చెప్పింది. అలాగే రాయి, నా పేరు కొట్టెయ్యకు."

ప్రమీల రాసింది. ఆదెమ్మ పద్దెనిమిదో కాయ అందుకుంది. ఈసారి ఊపలేదు, ముందు కన్ను దగ్గర ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, నింపాదిగా వాసన చూసింది.